మా ఊరి బడ్జెట్‌కు ప్రజను నేనే

మున్సిపాలిటీవాళ్లు జనాన్ని అడక్కుండానే బడ్జెట్ రాసేస్తారని ఎవరైనా అంటే, దయచేసి వాళ్లను ఒక్కసారి నా దగ్గరికి పంపండి. నన్ను అడిగారు! ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, ఆరేళ్లలో పద్నాలుగు సార్లు అడిగారు. ఊరికే అడగలేదు. కుర్చీ వేసి, ఫ్యాను తిప్పి, రెండు ఉద్దివడలు పెట్టి, స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చి మరీ అడిగారు. ఇంత మర్యాదగా నా అభిప్రాయం మా ఇంట్లో కూడా ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

అందుకే గుండెల మీద చెయ్యి వేసుకుని చెబుతున్నాను. ప్రజాస్వామ్యంలో బడ్జెట్ కన్నా గొప్పది, ఆ బడ్జెట్ మీద జరిపే ప్రజాభిప్రాయ సేకరణ! బడ్జెట్ వల్ల ఎవరికేం ఒరిగిందో నాకు తెలియదు. అభిప్రాయ సేకరణ వల్ల మాత్రం నాకు ఇప్పటిదాకా ఇరవై ఎనిమిది వడలు దక్కాయి.

మా ఊరి పేరు చెప్పను. చిత్తూరు నుంచి తిరుపతికి పోయే దారిలో బస్సు ఆగే ఊళ్లలో ఒకటి అనుకోండి. పేరు చెబితే ఆఫీసు నుంచి ఖండన వస్తుంది. ఆ ఖండనకు ప్రజామోదం కావాలంటారు. దానికీ మళ్లీ నేనే పోవాలి.

నా పేరు వేంకటాచలపతి. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. స్థానిక స్వపరిపాలన అనే పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మా వైపు పంతుళ్లను అయివారు అంటారు కాబట్టి ఊళ్లో ఇప్పటికీ నేను అందరికీ అయివారినే. మున్సిపాలిటీ రికార్డుల్లో మాత్రం నా హోదా వేరు. అక్కడ నేను ప్రజని.

ప్రజ ఎలా అయ్యానంటారా? అదేం ఎన్నిక కాదు, పరీక్షా కాదు. ఒకరోజు పొద్దున నేను పేపరు చదువుకుంటుంటే మున్సిపల్ ఆఫీసు అటెండరు మునిప్రసాద్ స్కూటర్ మీద మా ఇంటిముందు దిగాడు. ఒకప్పుడు నా దగ్గరే చదివినవాడు. హెల్మెట్ కూడా తియ్యకుండా గేటు బయట నుంచే కేకేశాడు.

"అయివారూ, అర్జెంటుగా పబ్లిక్ కావల్ల! ప్రతి మీటింగుకీ నలభై మంది ఉండాలని పైనుంచి కాయితం వచ్చిండాది. ముప్పై తొమ్మిది మంది దొరికినారు. మీరు వస్తే పబ్లిక్ పూర్తయిపోతాది."

"నేనేం మాట్లాడాలి మునిప్రసాద్?"

"అయ్యో, మాట్లాడేది ఏంటికి సార్? కూసుంటే సాలు!"

ఎంత చల్లని మాట! బతుకంతా క్లాసుల్లో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నవాణ్ణి. కూర్చుంటే చాలు, అదే దేశసేవ అని ప్రభుత్వం అంటుంటే కాదనడానికి నేనెవర్ని? చొక్కా తొడుక్కుని బయల్దేరాను.

అక్కడికి పోయి చూస్తే ప్రజ అంతా తెలిసినవాళ్లే. మా పక్కింటి వరదయ్య ముందు వరుసలో ఉన్నాడు. ఒక దేవస్థానం ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసి వచ్చినవాడు, కళ్లు తెరుచుకుని నిద్రపోవడం ఆయనకు ఉద్యోగంలో అబ్బిన విద్య. బర్త్ సర్టిఫికెట్ కోసం వచ్చిన ఇద్దర్ని, మీటింగ్‌లో కూర్చుంటే పని తొందరగా అవుతుందని చెప్పి కూర్చోబెట్టారు. ఐరాల నుంచి బెల్లం అమ్ముకోవడానికి వచ్చి, కాఫీ వాసన పట్టుకుని లోపలికి వచ్చిన రైతు ఒకాయన కూడా ఉన్నాడు. ఆయనది మా ఊరు కాదు, మా మండలమూ కాదు. అయినా ఆరేళ్లుగా మా ఊరి బడ్జెట్‌కు ఆయన సమ్మతి తెలుపుతూనే ఉన్నాడు. ఒక ఏడాది ఆయనకు జ్వరమొచ్చి రాలేకపోతే, కోరం తగ్గిందని కమిషనర్ గారు మునిప్రసాద్‌ను ఐరాలకు జీపులో పంపించారు!

ఈ మీటింగులకు ఒక పద్ధతి ఉంది. అది మా ఊరివాళ్లే కనిపెట్టారు. గుమ్మం దగ్గర బల్ల మీద పెద్ద రిజిస్టరు ఉంటుంది. అందులో సంతకం పెడితే గులాబీ రంగు టోకెన్ ఇస్తారు. టోకెన్ ఇస్తే వడలిస్తారు. పెద్దవాణ్ణి, పైగా అయివారిని కాబట్టి మొదటి సంతకం నాది. ఆ గౌరవం ఈ ఆరేళ్లలో ఎవరూ నా దగ్గర్నుంచి లాక్కోలేదు.

మొదటిరోజు ఒక సంగతి గమనించాను. పేజీ పైభాగంలో ఏడెనిమిది గీతలు ఖాళీగా వదిలేసి, వాటి కింద నుంచి సంతకాలు పెట్టిస్తున్నారు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది! అడిగేశాను.

"పైన ఏమీ లేదేమయ్యా?"

"అది మీటింగు అయినాక రాస్తాం సార్" అన్నాడు మునిప్రసాద్. "ముందే రాసేస్తే, మీ అభిప్రాయం తెల్సుకోకుండా రాసినట్లయితాది కదా!"

చూశారా? నా శిష్యుడు ఎంత ఎదిగాడో! జనం అభిప్రాయం తెలియకముందే తీర్మానం రాయడం అప్రజాస్వామికం. తీర్మానం ఏమిటో తెలియకముందే జనం సంతకం పెట్టడంలో మాత్రం ఏ చట్టవిరుద్ధమూ లేదు. పైగా వడలు వేడిగా ఉన్నాయి. పెట్టేశాను.

ఇక అభిప్రాయాలు ఎంత శాస్త్రీయంగా సేకరిస్తారో చెబుతాను, వినండి. అందరికీ ఒక ఫారం ఇస్తారు. ఒక ఏడాది ఫారంలో ఉన్న మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. 'బస్టాండు దగ్గర ఏర్పాటు చేయబోయే ఫౌంటెన్‌కు ఏ రంగు లైట్లు కావాలి? అ) నీలం ఆ) ఆకుపచ్చ ఇ) రెండూ.' మా వీధిలో కొళాయి నాలుగు రోజులకొకసారి వస్తుంది. అందుకని ఫౌంటెన్ వద్దని టిక్కు పెడదామని వెతికాను. అలాంటి గడి లేదు. బాగా ఆలోచిస్తే అదే మంచిదనిపించింది. వద్దు అనే గడి పెడితే మనుషులు అందులోనే టిక్కు పెడతారు, అప్పుడు ఊరు ముందుకు పోయేదెట్లా? నేను 'రెండూ' అన్నాను. ఫౌంటెన్ వచ్చింది. శుక్రవారం శుక్రవారం ట్యాంకరుతో నీళ్లు తెచ్చి పోసి, అరగంట ఆడిస్తారు. మా వీధి ఆడవాళ్లు బిందెలు తీసుకుని అక్కడికే పోతున్నారు. ఊళ్లో రెండు రంగుల నీళ్లు పట్టుకునే భాగ్యం ఎవరికుంది?

ఇంకో ఏడాది, ఊరి మొదట్లో 'ఐ లవ్' అని మొదలయ్యే పెద్ద పెద్ద అక్షరాలు నిలబెట్టాలని ప్రజ ఏకగ్రీవంగా కోరుకుంది. ప్రజ అంటే మేమే. ఐ నిలబెట్టారు, లవ్ నిలబెట్టారు, ఊరి పేరు దగ్గరికొచ్చేసరికి డబ్బులైపోయాయి. ఇప్పుడక్కడ 'ఐ లవ్' అని మాత్రమే ఉంది. ఎవర్ని, ఎందుకు అన్నది వచ్చే బడ్జెట్‌లో తేలుస్తారట. పలమనేరు నుంచి వచ్చే బస్సుల్లోని కుర్రజంటలకు మాత్రం ఆ ఖాళీ బాగా కలిసొచ్చింది. దిగి, పక్కన నిలబడి ఫోటోలు తీసుకుని పోతున్నారు.

మీటింగుకు రాలేనివాళ్ల గతేంటని మీరు అడగొచ్చు. వాళ్లనూ వదల్లేదు! ఫోనుతో స్కాన్ చేసి అభిప్రాయం చెప్పడానికి క్యూఆర్ కోడ్ ఒకటి పెట్టారు. ప్రతి వీధికీ చేరాలన్న సదుద్దేశంతో దాన్ని చెత్త ట్రాక్టరు వెనకాల అతికించారు. వెనక పరిగెత్తగలిగినవాళ్లు స్కాన్ చేసుకోవచ్చు. వరదయ్య ఒకరోజు ఫోను పట్టుకుని మార్కెట్ దాకా పరిగెత్తాడు. కోడ్ దొరకలేదు గానీ షుగరు ఇరవై పాయింట్లు తగ్గింది. ఆరోగ్యశాఖవాళ్లు కూడా ఇంత పని చెయ్యలేదు కదా?

ఈ పద్ధతి నాకెంత నచ్చిందంటే ఇంట్లో కూడా పెడదామన్నాను. మా ఆవిడ కల్యాణవల్లి వెంటనే ఒప్పుకుంది. మర్నాడు పదకొండు గంటలకు వంటింట్లోంచి కేక వినిపించింది.

"ఏమండీ, బీరకాయ పప్పా, బీరకాయ వేపుడా, బీరకాయ పచ్చడా?"

"వంకాయ" అన్నాను.

"మీ అభిప్రాయం రాసుకున్నాను. పప్పు చేసి గంటయింది, వచ్చి తినండి" అంది.

చూశారా, ఎంత సులువుగా పట్టేసిందో! కమిషనర్ గారు చూసి ఉంటే మా ఆవిడను సలహాదారుగా వేసుకునేవారు.

సరే. ఇంత చక్కగా నడుస్తున్న ఏర్పాటులోకి, పన్నెండో మీటింగు రోజున ఒక చిక్కు వచ్చిపడింది. ఒకావిడ నిజంగానే అభిప్రాయంతో వచ్చింది!

ఆవిడ పేరు జైనబ్ బీ. పరుపుల సందులో ఉంటుంది. ఆవిడ భర్త కాశిం సాహెబ్ పరుపులు కుడతాడు. ఆ సందులో ముప్పై రెండు ఇళ్లున్నాయి, సగం ఇళ్లలో అదే పని. మా పెళ్లి పరుపు కాశిం సాహెబ్ నాయన కుట్టిందే. ఆ సందు మొదట్లో పెద్ద మురుగు కాలవ ఉంది. దాని మీద ఒకప్పుడు రెండు కడప బండలుండేవి. అప్పటికి ఏడాదిన్నర ముందు చెత్త ట్రాక్టరు రివర్సు తీసుకుంటూ వాటిని విరగ్గొట్టింది. మర్నాడు ఆఫీసువాళ్లే వచ్చి, సిమెంటు కరెంటు స్తంభం ఒకదాన్ని కాలవ మీద అడ్డంగా పడేసి, టెంపరరీ అని చెప్పి వెళ్లిపోయారు. జానెడు వెడల్పుంటుంది. ముప్పై రెండు ఇళ్లవాళ్లూ దాని మీదే రాకపోకలు. అరవై ఆరేళ్ల కాశిం సాహెబ్ నెత్తిన పరుపు పెట్టుకుని దాని మీదే నడిచి ఆటో దాకా రావాలి.

జైనబ్ బీ గుమ్మం దగ్గరికి వచ్చింది. మునిప్రసాద్ పెన్ను అందించాడు. ఆవిడ రిజిస్టరు కేసి చూసింది.

"పైన ఏమీ లేదే?"

"అది తర్వాత రాస్తాంలేమ్మా. నువ్వు ఈడ ఏలిముద్ర వెయ్యి, వడలు తీసుకో."

"నేను సదువుకోలేదప్పా. అయినా పైన ఖాళీ ఉండేది కనిపిస్తాంది కదా? రాసినాక సదివి సెప్పు, అప్పుడు ఏస్తా" అంది.

ముద్ర వెయ్యలేదు కాబట్టి టోకెన్ లేదు. టోకెన్ లేదు కాబట్టి కుర్చీ లేదు. ఆవిడ నిలబడే ఉంది. నేను ముందు వరుసలో కూర్చుని రెండో వడ తింటున్నాను. లేచి కుర్చీ ఇవ్వాలని అనిపించిందా? అనిపించింది. కానీ ప్రజ లేచి నిలబడితే ఆఫీసువాళ్లు తీసే ఫోటోలో ఖాళీ కనిపిస్తుంది కదా!

కమిషనర్ గారు మంచివారు. ఎవరి మీదా గొంతు పెంచరు. "చెప్పండమ్మా" అన్నారు.

"మా సందుకి రెండు బండలు కావల్ల సార్. మా ఆయన పరుపు మోసుకోని కంబం మీద నడుస్తా ఉంటే నాకు పానం పోయినట్లుంటాది. యాడ పడతాడో అని దినమూ వాకిట్లో నిలబడుకోనే ఉంటా."

"తప్పకుండా చూద్దామమ్మా. కానీ ఈరోజు అజెండా పట్టణ సుందరీకరణ."

"రెండు బండలేస్తే సుందరంగానే ఉంటాది కదా సార్!"

హాల్లో కొంతమంది నవ్వారు. నేనూ నవ్వాను. కమిషనర్ గారు కూడా నవ్వి, ఆవిడ ఎవరితోనో రాయించుకొచ్చిన అర్జీ తీసుకుని, మంచి అభిప్రాయమని మెచ్చుకున్నారు. తర్వాత ఫౌంటెన్‌కు వంగపండు రంగు లైటు కూడా కలపాలా వద్దా అన్న చర్చ మొదలైంది. మేం కలపాలన్నాం. రికార్డు ప్రకారం ఆ రోజు జైనబ్ బీ మీటింగుకు రానేలేదు.

నాలుగు నెలలకు, మా బజారులో ఒక పెళ్లివారి డబుల్ కాట్ పరుపు నెత్తిన పెట్టుకుని వస్తూ కాశిం సాహెబ్ స్తంభం మీద నుంచి జారాడు. పరుపు ముందు పడింది. దాని మీద ఆయన పడ్డాడు. చిన్న దెబ్బ కూడా తగల్లేదు! పెళ్లివారి పరుపు మాత్రం కాలవ పాలైంది, ఆయన మళ్లీ ఊరికే ఇంకోటి కుట్టివ్వాల్సి వచ్చింది. జైనబ్ బీ ఆఫీసుకు పరిగెత్తింది. వాళ్లు జాగ్రత్తగా విచారించి, మెత్తగా పడ్డాడు కాబట్టి ఇది ప్రమాదాల లెక్కలోకి రాదని తేల్చారు. పైగా పరుపు మోసేవాళ్లకు ఆ స్తంభం సురక్షితమేనని దీంతో రుజువైంది కూడానట. తర్కం చూశారా? నా సర్వీసులో ఇంత పకడ్బందీ జవాబు ఏ పిల్లాడూ రాయలేదు.

రెండోసారి పడినప్పుడు పరుపు లేదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు, సూదీ దారం కొనుక్కుని ఇంటికి పోతున్నాడు. తుంటి ఎముక విరిగింది. చిత్తూరులో ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు.

పది రోజుల తర్వాత జైనబ్ బీ మా ఇంటికి వచ్చింది. అర్జీ ఏమైందో కనుక్కోవడానికి ఆఫీసుకు పోవాలి, చదివి చెప్పే మనిషి కావాలి, అయివారైతే బాగుంటుందని వచ్చింది. పోయాం. గుమాస్తా ఫైలు తీశాడు. అర్జీ మీద 'ప్రజాభిప్రాయమును అనుసరించి తిరస్కరించడమైనది' అని రాసి ఉంది. ప్రజాభిప్రాయమా? ఎప్పుడు చెప్పింది ప్రజ? నాకు తెలియకుండా ప్రజ ఎలా చెబుతుంది? నాకు నిజంగానే కోపం వచ్చింది. రిజిస్టరు తియ్యమన్నాను. పన్నెండో మీటింగు పేజీ తీసి నా ముందు పెట్టాడు.

ఆ ఖాళీ ఇప్పుడు నిండి ఉంది. చేతిరాత ముద్దుగా, గుండ్రంగా ఉంది.

"ఏమి రాసినారు అయివారూ? గట్టిగా సదవండి" అంది జైనబ్ బీ.

చదివాను. 'పరుపుల సందు మొదట మురుగు కాలువపై బండలు వేయుట ప్రస్తుతము అవసరము లేదనియు, ఇప్పుడున్న స్తంభము రాకపోకలకు చాలుననియు, సదరు నిధులను ఫౌంటెన్ నందు అదనపు లైటుకు వినియోగించవలెననియు హాజరైన పౌరులందరూ ఏకగ్రీవముగా కోరిరి.'

"ఎవరు కోరింది? కింద ఎవరెవరి సంతకాలు ఉండాయి?"

నలభై సంతకాలున్నాయి. ఐరాల రైతుది కూడా ఉంది. వాటన్నిటికీ పైన, పెద్దగా, పొందిగ్గా, రిటైరైన అయివారి సంతకం.

"మొదటిది నాదేనమ్మా" అన్నాను.

ఆవిడ కొంగు సర్దుకుని, రిజిస్టరులో నా సంతకం ఎక్కడుందో వేలితో చూపించమంది. చూపించాను. ఆ గీతల్ని కాసేపు చూసి బయటికి నడిచింది. ముప్పై నాలుగేళ్లు, ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాయొద్దురా అని పిల్లల్ని కొట్టినవాణ్ణి. అంత సిగ్గు నాకు ఎప్పుడూ వెయ్యలేదు.

సాయంత్రం కాశిం సాహెబ్‌ను చూడ్డానికి పోయాను. ఆ స్తంభం మీద నేను నడవడం అదే మొదటిసారి. మధ్యకు వచ్చి ఆగిపోయాను. ఎవరో పిల్ల చెయ్యి అందిస్తే దాటాను. ఆయన తన పరుపు మీదే పడుకుని ఉన్నాడు.

"నేను కుట్టిన పరుపు మీద నేనే ఇన్ని దినాలు పండుకునేది ఇదే మొదలు అయివారూ. బాగానే కుడతా ఉన్నట్లుండా" అని నవ్వాడు.

నేను నవ్వలేకపోయాను. సంతకం సంగతి చెప్పాను. భార్య ముందే చెప్పినట్లుంది. చెయ్యి ఊపేశాడు.

"మీరు సదువుకున్నోళ్లు. సూడకుండా సంతకం పెడతారా ఏంది? ఏదో మంచికే పెట్టుంటారు. మాకు తెల్దు అంతే."

తిట్టి ఉంటే బాగుండేది. నిజంగా చెబుతున్నాను, తిట్టి ఉంటే ఇంటికి వచ్చి అన్నం తినగలిగేవాణ్ణి.

ఆ రాత్రంతా ఆలోచించాక అభిప్రాయ సేకరణ మహిమ నాకు పూర్తిగా అర్థమైంది. ఇంతకాలం దాని అసలు ప్రయోజనం నేను కనిపెట్టలేకపోయాను సుమండీ! జనాన్ని అడక్కుండా బండలు వెయ్యడం మానేస్తే, తప్పు ఆఫీసుది. జనాన్ని అడిగి మానేస్తే, తప్పు జనానిది! ఒక మనిషి కాలు విరిగితే, ఆ నింద ఒక్క కమిషనర్ గారు మోయాలంటే ఎంత బరువు? అదే నలభై మందికి పంచితే మనిషికి ఎంతొస్తుంది? రెండు వడలంత వస్తుంది, అంతే. ఇంతకన్నా సమానంగా ఏ ప్రభుత్వమైనా ఏదైనా పంచిందా?

తర్వాత నేను ఒక నేరం చేశాను. వరదయ్యను తీసుకుని బండల అంగడికి పోయి రెండు కడప బండలు కొన్నాను. ట్రాక్టరుకు వేసుకుని పరుపుల సందు దగ్గర దించాం. సందులో మగవాళ్లంతా వచ్చి, గునపాలతో ఎత్తి, స్తంభాన్ని పక్కకు నెట్టి, కాలవ మీద బండలు పరిచారు. వరదయ్య రెండు కళ్లూ పూర్తిగా తెరుచుకుని, మేలుకునే, పని పురమాయించడం ఆరోజే చూశాను. మొత్తం గంటా ఇరవై నిమిషాలు పట్టింది. రెండేళ్ల పని! ఫారం లేదు, టోకెన్ లేదు, నీలమా ఆకుపచ్చా అన్న ప్రశ్న లేదు. జైనబ్ బీ అందరికీ టీ ఇచ్చింది. దానికి కూడా సంతకం అడగలేదు.

ఇంత అప్రజాస్వామికంగా జరిగిన పనిని ఆఫీసు చూస్తూ ఊరుకుంటుందా? ఊరుకోదు, ఊరుకోకూడదు కూడా! ఆరో రోజున నాకు నోటీసు వచ్చింది. మున్సిపాలిటీకి చెందిన స్తంభాన్ని కదిల్చినందుకు, ప్రజాభిప్రాయం సేకరించకుండా ప్రజలు తమంతట తామే బండలు వేసుకున్నందుకు సంజాయిషీ ఇవ్వాలట. ఆ బండల్ని తొలగించే విషయమై గురువారం ఉదయం పదిన్నరకు ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుందట.

నోటీసు తెచ్చింది మునిప్రసాదే. అందించి, రసీదు తీసుకుని, అక్కడే నిలబడ్డాడు. ఇంకేదో పనున్నట్టు చూస్తున్నాడు.

"ఏమయ్యా?"

"గురువారం పబ్లిక్ కావల్ల అయివారూ" అన్నాడు.

వాడి తప్పేముంది? జాబితాలో మొదటి పేరు నాది. నోటీసు పుచ్చుకున్నవాడూ, ప్రజా ఒకరేనని వాడికి తట్టలేదు.

"వస్తాను మునిప్రసాద్. కానీ ఈసారి పేజీ పైన రాసి తీసుకురా. చదివి పెడతాను."

వాడు నిజంగానే ఆలోచనలో పడ్డాడు. "ముందే రాసి తెస్తే ఇంక మీటింగు ఏంటికి సార్?"

"అయితే మీటింగు అయ్యాక రాయి. రాసినాక చదివి పెడతాను. నేనొక్కణ్ణే కాదు, నలభై మందికీ గట్టిగా చదివి వినిపిస్తాను. జైనబ్ బీకి కూడా."

"అంతసేపు యాడవుతాది సార్? వడలు సల్లారిపోతాయి." హెల్మెట్ పెట్టుకున్నాడు. స్కూటర్ స్టార్టు చేసి, పాపం, అయివారి మీద గౌరవం కొద్దీ ఒక మాట అన్నాడు. "మీరేమీ ఇబ్బంది పడొద్దులే అయివారూ. ఈసారికి వేరే పబ్లిక్‌ను సూసుకుంటాం."

అలా నేను ప్రజ ఉద్యోగం నుంచి కూడా రిటైరయ్యాను. ఆరేళ్లు పద్నాలుగు సార్లు అవునన్నాను, ఎంతో మర్యాద చేశారు. ఒక్కసారి చదువుతానన్నాను, పని అయిపోయింది.

వేరే పబ్లిక్ అన్నాడు కదా, అది ఎవరా అని నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాను. వరదయ్యను పిలవరు, ఆయన ఇప్పుడు మేలుకున్నాడు. అందుకే ఇదంతా మీకు రాస్తున్నాను. మీరు ఏదో సర్టిఫికెట్ పనిమీద ఆఫీసుకు పోయి ఉంటారు. లేదా బస్సు దిగి నడిచి పోతుంటారు. మునిప్రసాద్ చాలా మర్యాదగా పిలుస్తాడు, కూర్చుంటే చాలంటాడు. పోండి, తప్పులేదు. వడలు కూడా బాగుంటాయి, తినండి. సంతకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క క్షణం ఆగి పేజీ పైకి చూడండి.

కాశిం సాహెబ్ నిన్న కర్ర పట్టుకుని లేచాడు. ఆ బండల మీదుగా ఇవతలికి వచ్చి, మళ్లీ అవతలికి పోయాడు.